ముదురు రంగు గుడ్డ

మార్చి 3

ఛీ. ఈ రోజు గురించి ముందు రాయాల్సింది ఇదే.

ప్లంబర్ పొద్దున్నే వచ్చాడు. కింది వాటా వాళ్ల బాత్రూంలో నీళ్లు దిగడం మానేసి పైకి తన్నుకొస్తున్నాయట. వాళ్లావిడ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మెట్ల మీద నిలబడి మా గుమ్మం వైపు చూసిన చూపు ఇంకా నా వీపుకి అంటుకునే ఉంది. ప్లంబర్ గొట్టం మూత విప్పి, పొడవాటి తీగ లోపలికి తోసి, మెలితిప్పి లాగాడు. వచ్చింది. బూడిద రంగులో, జిడ్డోడుతూ, జడలా అల్లుకుపోయి, చివర్న ఏదో కారుతూ. దాన్ని నేల మీద పరిచి బూటుకాలితో అటూ ఇటూ కదిపాడు.

"ఇవి కాగితాలు కావు సార్. తడి వైప్స్. ఇవి కరిగి చావవు," అని, లంకెబిందెలు దొరికినవాడిలా మళ్లీ తీగ తోశాడు. మళ్లీ వచ్చింది.

హోటళ్ల వంటగదులు తనిఖీ చెయ్యడమే నా ఉద్యోగం. పిండిలో పురుగులు చూశాను. ఫ్రిజ్జుల్లో బూజు చూశాను. బియ్యం డబ్బాలో ఎలుక పిల్లల్ని పెట్టడం చూశాను. కానీ అవన్నీ ఊళ్లో వాళ్ల రోతలు. ఇది మా ఇంటిది. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అంటే ఇదే.

"ఇన్ని ఎవరు వాడారండీ?" అని అందరి ముందూ అడిగింది మా ఆవిడ.

"నేను కాదమ్మా! ఆ ప్యాకెట్ నేను ముట్టుకోను కూడా," అంది పిచ్చుక. పిచ్చుక మా అమ్మాయి. తెల్లారింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుంది, డిగ్రీకొచ్చినా ఆ పేరు పోలేదు.

"మనకి ముందున్న వాళ్లవై ఉంటాయి," అన్నాను.

"నాన్నా, మనం ఈ ఇంట్లోకొచ్చినప్పుడు నేను ఒకటో క్లాసు."

ప్లంబర్ నవ్వాడు. ఆపుకుందామని కూడా చూడలేదు వెధవ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. తడుముకోలేదు. లోపలికొచ్చి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కున్నాను. ఆ వాసన ఇంకా పోలేదు.

మార్చి 4

ఈ ఇంట్లో చట్టాలు కుట్టుమిషను మీద తయారవుతాయి. పొద్దున్నుంచి మా ఆవిడ మిషను ఆగలేదు. టీ తాగడానికి హాల్లోకొచ్చేసరికి పక్కన చిన్న చిన్న గుడ్డముక్కలు దొంతర్లుగా ఉన్నాయి. అరచేతికి కాస్త పెద్దవి, రెండు పొరలు వేసి, అంచులు శుభ్రంగా కుట్టి. పసుపు ఆవిడవి, ఆకుపచ్చ పిచ్చుకవి, తెల్లవి నావి.

"ఇవాళ్టి నుంచి బాత్రూంలో కాగితం ముక్క గానీ, వైప్ గానీ కనపడిందో, ఊరుకోను. కింది వాటా ఆవిడ మొహం చూడలేక చస్తున్నాను," అంది.

"వాడి, ఉతికి, మళ్లీ అదే వాడాలా? మనం మనుషులమా, ఇంకోటా?"

"ఎందుకంత రోత? నీళ్లతో కడుక్కున్నాకేగా తడి తుడుచుకునేది. మొహం తుడుచుకున్న తువ్వాలుని పారేస్తున్నారా?"

"మొహం వేరు, అది వేరు."

"రెండూ మీవేగా," అంది. పిచ్చుక పడీపడీ నవ్వింది. నవ్వి ఊరుకుందా? తను నెలనెలా వాడే ప్యాడ్లు కూడా ఇకమీదట గుడ్డవేనట, వాటికి వేరే చిన్న బకెట్టట. కన్నతండ్రి టీ తాగుతుంటే చెప్పే ముచ్చటేనా ఇది? టీ ముక్కులోకెక్కి పొలమారింది.

వాడిన గుడ్డలు వెయ్యడానికి మూత ఉన్న నీలం బకెట్టు తెచ్చి కమోడు పక్కన పెట్టింది. ఇంట్లో ఇంతకాలం దేవుడి దయవల్ల అలాంటిదేమీ లేకుండా బతికాం. పళ్లు తోముకుంటున్నంతసేపూ అది నన్నే చూస్తున్నట్టుంది. దాని లోపల ఏముందో తెలిసి పక్కనే నిలబడి పేస్టు నురగ ఉమ్మడం ఎవరి వల్ల అవుతుంది?

"వంటిళ్లల్లో తెల్లగుడ్డ, తెల్లగుడ్డ అని ఊళ్లో వాళ్ల ప్రాణాలు తోడేస్తారుగా. అందుకే మీకు తెల్లవి," అంది, ఏదో బహుమతి ఇస్తున్నట్టు.

మార్చి 5

ఈ రోజు కూడా ఎర్రగా కనిపించింది. ఎండలు ముదిరాయి కదా, ఒళ్లు వేడి చేసింది. నీళ్లు ఎక్కువ తాగాలి.

తెల్లగుడ్డ మడత విప్పలేదు. జేబురుమాలుతో పని కానిచ్చి, కవర్లో చుట్టి, ఆఫీసుకి వెళ్లే దారిలో చెత్తకుండీలో పడేశాను. వైప్స్ ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదు. అటు చూడకుండా వదిలేసి నీళ్లు కొట్టేసేవాణ్ణి.

మార్చి 6

బస్టాండు ఎదురుగా కొత్తగా తెరిచిన హోటల్‌కి వెళ్లాను. పైన పటారం, లోన లొటారం. ముందు గదిలో అద్దాలు, పూలకుండీలు. వెనక వంటగదిలోకి అడుగు పెట్టగానే చెప్పు నేలకి అతుక్కుపోయింది. మాంసం కోసే చెక్క నెర్రెల్లో ఎప్పటిదో కొవ్వు పచ్చగా గడ్డకట్టి ఉంది. తూములో తేలుతున్న ఉల్లిపొట్టు మీద ఈగలు సంసారం చేస్తున్నాయి. అయినా నేను ముందు చూసేది అవి కాదు. తుడిచే గుడ్డ.

పొయ్యి పక్కన కొక్కేనికి వేలాడుతోంది, కాఫీ రంగు గుడ్డ. పెన్ను కొసతో ఎత్తి తెల్ల పళ్లెంలో పడేసి, గరిటెతో నొక్కించాను. నల్లటి రసం. వంటవాడు దాన్ని చూసి కూడా తొణకలేదు.

"గుడ్డ బాగానే ఉందిగా సార్, ఒక్క మరకైనా కనపడుతోందా?"

"కనపడకూడదనేగా ఆ రంగు పెట్టావు! తెల్లది పెట్టు."

"తెల్లదైతే మాటిమాటికీ ఉతకాలి సార్."

"అందుకే పెట్టమంటున్నది."

అన్నం తింటూ ఈ సంగతి ఇంట్లో చెప్పాను. చివరి మాట నేను అనేలోపే తల్లీ కూతుళ్లిద్దరూ నాతోపాటు రాగం తీశారు. "ముదురు రంగు గుడ్డ పెట్టినవాడు ఏదో దాస్తున్నట్టే!" వేళాకోళం. అయినా నా సర్వీసులో ఈ మాట ఒక్కసారీ తప్పలేదు.

మార్చి 8

"మీ జేబురుమాళ్లన్నీ ఏమయ్యాయండీ? అరలో ఒక్కటీ లేదు," అంది మా ఆవిడ.

"ఆఫీసులో ఎవరో కొట్టేస్తున్నారు."

"జేబురుమాళ్లా? వాడిన జేబురుమాళ్లు కొట్టేసేవాడు ఎవడండీ?"

నిజమే, ఎవడు కొట్టేస్తాడు? నోటికి ఏదొస్తే అది అనేశాను. ఇలా నడవదు. మిషను పక్కన మెరూన్ రంగు గుడ్డ తాను నిలబెట్టి ఉంది. స్కూలు వార్షికోత్సవంలో డాన్సు చేసే ఆడపిల్లలకి గౌన్లు కుట్టాలట, దానికోసం తెచ్చింది. మెత్తటి నూలు. చీకటి పడ్డాక చూస్తే నలుపే.

"నాకు ఆ రంగులో కుట్టిపెట్టు."

"తెలుపుకేమొచ్చింది?"

"మరక చూస్తే నాకు వాంతొస్తుంది."

"మీ మరకేగా."

"ఎవరి మరకైనా."

"పోన్లెండి, ముక్కలు మిగుల్తాయి ఎలాగూ. మీ రోతకి ఒక దండం," అని అప్పటికప్పుడే కత్తిరించి ఇచ్చింది. మా ఆవిడ మంచిది. మనసులో ఏదీ పెట్టుకోదు.

మార్చి 9

ఈ రోజు లేదు. చెప్పానుగా, వేడే.

మార్చి 10

ఉంది. కొంచెమే.

మెరూన్ గుడ్డ మీద మాత్రం ఏమీ కనపడలేదు. తడి తప్ప ఏమీ లేదు. బకెట్టు మూత కాలితో ఎత్తి, ఊపిరి బిగబట్టి, మొహం అటు తిప్పుకుని పడేశాను. ఎంత హాయిగా ఉందో. ఈ రంగు కనిపెట్టినవాడికి దండేసి దణ్ణం పెట్టాలి.

నాన్నది వేరు. నాన్నకి అప్పటికి అరవై దగ్గర పడ్డాయి. నాకింకా యాభై రెండే. పైగా నాన్న చుట్ట తాగేవాడు, నేను దాని వాసన కూడా భరించలేను. ఆయన ఎవరికీ చెప్పలేదు. మంచం పట్టాక గానీ మాకు తెలియలేదు. అది వేరు.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం చేస్తాడో నాకు తెలియదా? ప్యాంటు విప్పమంటాడు. పక్కకి తిరిగి పడుకోమంటాడు. చేతికి రబ్బరు తొడుగేసుకుని... ఛీ ఛీ. రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. ఎండలు తగ్గితే అదే పోతుంది.

మార్చి 13

మా ఆవిడ గుడ్డలు ఉతికే పద్ధతి ఒకటి ఉంది. బకెట్టులోవి ఎత్తి పెద్ద టబ్బులో చన్నీళ్లలో నానబెడుతుంది. నానాక కర్రతో కలిపి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు వాషింగ్ మిషన్‌లో వేస్తుంది. నేను ఆ వెనక వరండాలోకి అసలు వెళ్లను. ఆ కర్ర ఆ టబ్బులో తిరుగుతున్న చప్పుడు చాలు, పొద్దున తిన్నది గొంతులోకొస్తుంది. ఈ రోజు ఆవిడ పిలిచింది కాబట్టి తప్పలేదు.

"ఇది చూడండి! నీళ్లు చూడండి!"

నీళ్లు ఎర్రగా ఉన్నాయి. మరీ ఎర్రగా కాదు. తుప్పు కలిసిన గులాబి రంగు. పైన సన్నటి నురగ. పసుపు గుడ్డలకి కూడా అంటుకుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"మీ మెరూన్ రంగు పోతోంది. గుడ్డల షాపు షావుకారన్నయ్య నాకు రంగుపోయే గుడ్డ అంటగట్టాడు! ఇదే గుడ్డతో పిల్లల గౌన్లు కుడుతున్నాను. డాన్సు చేస్తుంటే చెమటకి పిల్లల ఒళ్లంతా ఎరుపైతే నా గతేంటి? ఆ స్కూలు వాళ్లు మళ్లీ నా గడప తొక్కుతారా?"

"ఈ రోజుల్లో ఎవర్ని నమ్మేట్టుంది?" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అని, చక్కగా పేపరు చదువుకున్నాను.

మార్చి 15

మా ఆవిడ షాపుకి వెళ్లి వీధి వీధంతా వినేట్టు దెబ్బలాడి వచ్చిందట. మిగిలిన తాను, కత్తిరించిన గౌన్లూ అన్నీ కౌంటరు మీద పడేసిందట. షావుకారు అంటే ఈవిడకి తోడబుట్టినవాడి లెక్క. చెల్లెమ్మా, చెల్లెమ్మా అంటూ మంచి గుడ్డ ఏది వచ్చినా ముందు ఈవిడకే కబురు పెడతాడు. ఆయన షాపులో ఈవిడ గొంతు లేవడం ఇదే మొదలు.

"నా షాపు గుడ్డకి రంగు పోవడమా, పొమ్మన్నాడండీ. నేను మాత్రం ఊరుకుంటానా? మా ఆయన కూడా చూశారు, ఆయన ఇన్‌స్పెక్టరు, అబద్ధం చెప్పరు అన్నాను."

నేను కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను. పిచ్చుక "నాన్నా, తినట్లేదేం?" అంది. ఆ నీళ్లు గుర్తొస్తున్నాయన్నాను. అదొక్కటే నిజం చెప్పాను.

గౌన్ల పని ఆగిపోయింది. డాన్సు టీచరు ఫోను మీద ఫోను. మా ఆవిడ ఇంకో గుడ్డ కోసం ఊరంతా తిరిగొచ్చి, కాళ్లు నొప్పులని మంచం మీద వాలిపోయింది. కాళ్లు పట్టనా అని అడిగాను. "మీరా? కాళ్లు కడుక్కున్నానో లేదో అడగకుండానే?" అని నవ్వింది.

మార్చి 17

చాలా ఉంది.

రోజూ నల్ల ప్యాంటే వేసుకుంటున్నాను. కుర్చీలోంచి లేచినప్పుడల్లా వెనక్కి తిరిగి కుర్చీ చూసుకోవడం అలవాటైంది. ఈ రోజు తనిఖీకి వెళ్లిన బేకరీలో మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగి రొట్టెల బల్ల పట్టుకున్నాను. బేకరీ యజమాని పరిగెత్తుకొచ్చి కుర్చీ వేశాడు. నేను తిడతాననుకున్న మనిషి నాకు మంచినీళ్లు తాగించాడు. గ్లాసు అంచున వేలిముద్రలున్నాయి. అయినా తాగాను.

భయమేస్తోంది. రాశాను కదా, ఇక చాలు.

మార్చి 18

షావుకారు మా ఇంటికొచ్చాడు.

మెరూన్ తాను భుజం మీద వేసుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి సోఫాలో ధబీమని పడేశాడు. మా ఆవిడ "రా అన్నయ్యా, కూర్చో," అంది, తేలు కుట్టిన దొంగలా కాదు గానీ, గొంతు తగ్గించే. ఆయన కూర్చోలేదు.

"తెల్ల బేసినుందా? వేణ్ణీళ్లు పెట్టమ్మా."

జేబులోంచి కత్తెర తీసి, మా కళ్ల ముందే తానులోంచి ముక్క కత్తిరించాడు. సబ్బు వేసిన వేణ్ణీళ్లల్లో ముంచి, గరిటె కాడతో కలిపాడు. పిండాడు. మళ్లీ ముంచాడు. మేం ముగ్గురం బేసిన్ చుట్టూ నిలబడి లోపలికి చూస్తున్నాం. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అడుగున గీత కూడా కనపడుతోంది.

"బావగారూ, మీరు చెప్పండి. మీరు ఇన్‌స్పెక్టరు, అబద్ధం చెప్పరట కదా. ఈ నీళ్లల్లో రంగుందా?"

అందరూ నా మొహం చూశారు.

"లేదు," అన్నాను.

"ఆఁ. అదీ. మీ ఇంట్లో పోతున్న రంగు ఏదో మీరు చూసుకోండి. నా గుడ్డని మాత్రం అనకండి. మా నాన్న పెట్టిన షాపది. నలుగురి ముందూ నన్ను మోసగాణ్ణన్నావు చెల్లెమ్మా. పరాయి మనిషి అంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు."

టీ పెడతానన్నా ఆగలేదు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినపడకుండా పోయేదాకా మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. లోపలికొచ్చాక మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నాకు నా మీదే రోత పుట్టింది. అదైనా నోటితో అన్నానా? ఏమన్నానో రాస్తాను.

"వేణ్ణీళ్లల్లో పోదేమో. చన్నీళ్లల్లో పోతుందేమో," అన్నాను.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీకు బట్టల సంగతి ఎప్పట్నించి తెలుసండీ?" అంది.

మార్చి 19

గుడ్డది కాకపోతే ఆ ఎరుపు ఎవరిదో అని లెక్కేసింది ఆవిడ, లెక్క తప్పింది. నా మీదకి రావాల్సిన అనుమానం పిచ్చుక మీదకి పోయింది.

పిచ్చుక గదిలోంచి మాటలు వినపడ్డాయి. "ఆ రోజులు కాక మధ్యలో ఏమైనా కనపడుతోందా? అమ్మ దగ్గర దాపరికమేంటే?" అని ఈవిడ. "లేదమ్మా! నావి వేరే బకెట్టు కదా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని అది. "సిగ్గుపడి దాచుకుంటే ముదిరిపోతుంది. రేపే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్దాం," అని ఈవిడ.

సిగ్గుపడి దాచుకుంటే ముదిరిపోతుంది.

నేను హాల్లో కూర్చుని ఆఫీసు కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. పిచ్చుక విసురుగా బయటికొచ్చి నా ఎదురుగా నిలబడింది. కళ్లనిండా నీళ్లు.

"నాన్నా, నువ్వైనా చెప్పు అమ్మకి. నాకేం లేదు. ఏం లేకుండా అక్కడికెళ్లి పడుకుని వాళ్లతో అన్నీ చూపించుకోవాలా? నాకు అసహ్యం."

అచ్చం నా మాటే. నా నోట్లోంచి ఊడిపడ్డట్టుంది. ఇప్పుడే చెప్పేస్తే సరిపోయేది. పిల్ల ఎదురుగా ఉంది, దాని తల్లి తలుపు దగ్గరుంది.

"వెళ్లిరా తల్లీ. చూపించుకుంటే తప్పేముంది?" అన్నాను.

అది నా వంక చూసి లోపలికెళ్లి తలుపేసుకుంది.

మార్చి 20

ఆఫీసుకి సెలవు పెట్టాను. వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇల్లంతా నేనొక్కణ్ణే. నీలం బకెట్టు మూత తీసి చూశాను. మొదటిసారి. వాసన గుప్పుమంది. తుప్పు వాసన. పారిపోయి వంటింట్లో నిలబడి, వీధిలో పాలబండివాడు ప్యాకెట్లు దించడం చూశాను. మెరూన్ గుడ్డలన్నీ తీసి అవతల పారేద్దామనుకున్నాను. పారేస్తే మాత్రం రేపు? ఎల్లుండి?

పిల్ల అక్కడ బల్ల మీద పడుకుని ఉంటుంది ఈపాటికి. నా బదులు.

నేనొక దరిద్రుణ్ణి.

మార్చి 20, సాయంత్రం

వచ్చారు. పిచ్చుక నాతో మాట్లాడలేదు. మా ఆవిడ చేతిసంచీ కూడా దించకుండా నేరుగా వెనక వరండాలోకి వెళ్లింది. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతుల నిండా తడి.

"డాక్టరమ్మ ఏమంది?" అన్నాను.

"పిల్ల గుండ్రాయిలా ఉందంది. నాకే నాలుగు చీవాట్లు పెట్టింది, అనవసరంగా ఏడిపించావని." తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఇప్పుడు నా పసుపువి విడిగా నానబెట్టాను. ఏం లేదు. దాని ఆకుపచ్చవి విడిగా నానబెట్టాను. ఏం లేదు. మిగిలినవి మీవి."

"మెరూన్ కదా, రంగు..."

"వంటింట్లో ముదురు గుడ్డ కనపడితే మీరు ఏమంటారండీ?"

నేను పక్కనున్న పేపరు అందుకోబోయాను.

"చెప్పండి. రోజూ అన్నం దగ్గర చెప్పేవారుగా. ఇప్పుడూ చెప్పండి."

నా వెనక గుమ్మంలోంచి పిచ్చుక అంది. ఈసారి రాగం తియ్యలేదు. "ముదురు రంగు గుడ్డ పెట్టినవాడు ఏదో దాస్తున్నట్టే."

మా ఆవిడ లేచి అరలోంచి తెల్లగుడ్డలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మొదట కుట్టినవే, నేను మడత విప్పనివి. "వెళ్లి రండి," అంది. ఇన్నేళ్లలో నాతో ఆ గొంతుతో మాట్లాడలేదు. చిన్నపిల్లాడిలా లేచి వెళ్లాను.

తెలుపు మీద అది అంత ఎర్రగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నాళ్లూ నేను నిజంగా చూడనేలేదు. గుడ్డ మడిచి, కొసలు రెండు వేళ్లతో పట్టుకుని బయటికొచ్చాను. ఆవిడ చెయ్యి చాపింది.

"ఛీ, ముట్టుకోకు. చేతికి ఏమైనా తొడుక్కో," అన్నాను.

వినిపించుకోలేదు. వట్టి చేత్తో తీసుకుంది. కిటికీ దగ్గరికెళ్లి మడత విప్పి, షాపులో నేత లోపం చూసేటప్పుడు పట్టుకున్నట్టే వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఇప్పుడు ముక్కు ముడుస్తుంది, ఇప్పుడు ఛీ అంటుంది అని. అనలేదు.

"రక్తం," అంది. ఆ మాట ఆవిడే అంది.

పిచ్చుక వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పొద్దున బల్ల మీద పడుకోబెట్టించిన తండ్రి చెయ్యి.

"ఎన్నాళ్లనుంచి?" అంది మా ఆవిడ.

"చలికాలం నుంచి."

"మామయ్యగారికీ ఇలాగేగా."

"ఊఁ."

"ఆ వైప్సన్నీ..."

"ఊఁ."

ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. కాసేపటికి కళ్లు మోచేత్తో తుడుచుకుని, ఆ గుడ్డని ఒక కవర్లో పెట్టి, కవరుని చేతిసంచీలో కొలతల టేపు పక్కన పెట్టుకుంది.

"నన్ను నలుగురిలో అబద్ధాలకోరుని చేశారు. పిల్లని ఏడిపించారు. దాని సంగతి తర్వాత చెప్తాను మీకు. డాక్టరు ఏడింటిదాకా ఉంటాడు. చెప్పులేసుకోండి," అంది.

మార్చి 26

ఆసుపత్రి. గోడకి ఆకుపచ్చ రంగు, దాని మీద ఎవరిదో తల నూనె మరక. పక్క మంచం ఆయన రాత్రంతా ఖాకరించి కళ్లె ఉమ్ముతూనే ఉన్నాడు. బాత్రూం సంగతి రాస్తే ఈ పేజీ కూడా కంపు కొడుతుంది. వీళ్ల వంటగది ఒకసారి చూడాలి, లేచాక.

డాక్టరు అనుకున్నదంతా చేశాడు. పక్కకి తిరిగి పడుకోమన్నాడు, రబ్బరు తొడుగు వేసుకున్నాడు, అన్నీ అయ్యాయి. చచ్చిపోలేదు. పేగులో గడ్డ ఉందట. ఎల్లుండి కోస్తారు. "ముదరకముందే వచ్చినట్టున్నారు. కోసి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను. ఇంకో చలికాలం ఆగి ఉంటే మాత్రం నా దగ్గరికి వచ్చేవారు కాదు," అన్నాడు. మా ఆవిడ నా వైపు చూడకుండా తలూపింది. నా మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నేనూ అడగడం లేదు.

పిచ్చుక మాట్లాడుతోంది. మళ్లీ కిచకిచ మొదలైంది. నర్సుకి నా గురించి చెప్తోంది: "మా నాన్నకి అన్నీ రోతేనండీ, సూది కూడా కడిగి చూపించాలి."

సాయంత్రం షావుకారు వచ్చాడు. మా ఆవిడ వెళ్లి ఆయనకి అంతా చెప్పి, షాపులో అందరి ముందూ తప్పైపోయిందని చెప్పుకుందట. గౌన్లు మళ్లీ మిషనెక్కాయి. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, దుప్పటి అంచు నలిపి నేత చూశాడు. తర్వాత చంకలోని పొట్లం నా కాళ్ల దగ్గర పెట్టాడు. మెత్తటి తెల్లగుడ్డ, తానులో సగం ఉంటుంది.

"తెల్లది తెచ్చాను బావగారూ. దీని మీద మాత్రం మా చెల్లెమ్మ దెబ్బలాటకి రాలేదు. పోదామన్నా దీనికి రంగే లేదు."

నవ్వాను. నవ్వితే కడుపులో నొప్పి. మా ఆవిడా నవ్వింది, నవ్వుతూనే బయటికెళ్లిపోయింది. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు.

మార్చి 27

పొద్దున బాత్రూంలో తెల్లగుడ్డ విప్పి చూశాను. రక్తం ఉంది. నర్సు వచ్చేదాకా ఆగకుండా మా ఆవిడని పిలిచి చూపించాను. ఆవిడ చూసి, మడిచి, బకెట్టులో వేసింది.